చిత్తు కాగితాలు

బియ్యంలో రాళ్ళు ఏరేవారికి ఏది గింజో, ఏది రాయో సందేహం ఉండదు. అటక మీది నుండి దించిన పాత సామాను ముందు కూర్చున్నవారికి ఆ నిశ్చయం లేదు. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకొని, ఇది ఇంకా ఇంటిదేనా, లేక పాత సామాన్ల కొట్టుకు పోవలసినదా అని విచారించుకోవలసి వస్తుంది. ఈ విచారణలో సగం పనికి కళ్ళు చాలును. మిగిలిన సగానికి చదువు కావాలి. ఆ రెండవ సగాన్ని గురించే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కర్నూలులో మా వాడలో షబేబరాత్‌కు ముందు గోడలకు సున్నం వేసుకోవడం, మూలమూలలు దులపడం పెద్దలనాటి నుండి వస్తున్న వాడుక. ఈ ఏడు మేము కూడా మిద్దె మీది గదితో సహా ఇల్లంతా విప్పదలచినాము. చెత్తను ఇంటి దగ్గరే మూడు విధాలుగా వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పినవి. 2021 అక్టోబరు 2న మన రాష్ట్రంలో ప్రారంభమైన క్లాప్ కార్యక్రమం క్రింద పట్టణాలలో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇచ్చారు. తడిచెత్త ఒకదానిలో, పొడిచెత్త మరొకదానిలో, కాలం తీరిన మందులు, బ్యాటరీలు వంటి హానికరమైనవి మూడవదానిలో వేయాలని అప్పుడు చెప్పినారు. మా ఇంట నీలం డబ్బాలో కొంతకాలం జొన్నలు పోసి ఉంచారన్నది వేరే సంగతి.

నిజానికి వేరు చేయడం మన ఊళ్ళకు కొత్త విద్య కాదు. పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె కేక, చిక్కువెంట్రుకలు కొనేవాని కేక విననివారెవరు? పరుపులో దూది గట్టిపడితే దూదేకులవారు వచ్చి, ఏకి, అదే దూదిని మళ్ళీ పరుపులో నింపి వెళ్ళేవారు. మా దాదా దర్జీ. కత్తిరింపులో మిగిలిన పేలికలన్నీ ఒక గోనెసంచిలో చేరేవి. ఏడాది తిరిగేసరికి అవి మా దాదీమా చేతిలో బొంత అయ్యేవి. ఆ బొంతలలో రెండు ఇప్పటికీ మా ఇంట ఉన్నవి. అవి కొట్టుకు పోవని చెప్పనక్కరలేదు.

ఆ కొట్టు మా ఇంటికి నాలుగు సందుల అవతల ఉన్నది. బయటి నుండి చూచేవారికి అదొక కుప్ప. లోపల నిలిచి చూస్తే అంతటి క్రమం గల చోటు ఊళ్ళో మరొకటి లేదనిపిస్తుంది; మా కళాశాల గ్రంథాలయం వారు మన్నింతురు గాక. పనివాడు దారానికి కట్టిన అయస్కాంతం ముక్కను ముందుగా సామానుకు తాకిస్తాడు. అంటుకున్నది ఇనుము. అంటుకోని వాటిలో రాగి ఏదో, ఇత్తడి ఏదో రంగు చెబుతుంది. కళాయి పూసిన గిన్నె అయితే అడుగున గీచి చూస్తాడు. కంచును మోగించి పోల్చుకుంటాడు. మనం సిల్వరు అని పిలుచుకొనేది అల్యూమినియమని అతనికి బాగా తెలుసు. ఖనిజం నుండి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో 5 శాతంతోనే పాతదానిని కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. సొట్టలు పడిన గిన్నెకు కూడా ధర పలకడం అందువల్లనే. ప్లాస్టిక్కు సీసాల అడుగున త్రికోణంలో 1 నుండి 7 వరకు అంకెలు వేసి ఉంటవి. అతడు అంకె చూడడు. నలిపి, చప్పుడు విని, ఏ గోనెలో వేయాలో ఆ గోనెలోకి విసురుతాడు. తళతళలాడే చిరుతిండి సంచులను మాత్రం ముట్టడు. ప్లాస్టిక్కు పొరకు, అల్యూమినియం పొరకు పడిన అతుకును విడదీయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. తిన్నవారు వాటిని తమ ఇంటనే ఉంచుకోవలసి ఉంటుంది!

కాగితాల దగ్గరకు వచ్చేసరికి అతడు మరింత నిక్కచ్చి. వార్తాపత్రికలు వేరు, తెల్లకాగితం పుస్తకాలు వేరు, అట్టలు వేరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ధర. మిల్లులో కాగితాన్ని నీటిలో నానబెట్టి, గుజ్జు చేసి, సిరా వదలగొట్టి, మళ్ళీ కాగితంగా పరుస్తారు. అలా చేసిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది. అయిదు నుండి ఏడు పర్యాయాలు దాటితే అది కాగితంగా నిలవదు. అసలు ఈ విద్య పుట్టినదే పాత వస్తువులతో. క్రీస్తుశకం 8వ శతాబ్దిలో సమర్ఖండులోను, ఆ పిమ్మట బాగ్దాదులోను కాగితాన్ని చిరిగిన నారగుడ్డల పేలికలతో చేసేవారు. మన దక్కనులో దౌలతాబాదు దగ్గరి కాగజీపురానికి ఆ పేరు వచ్చినది ఆ వృత్తి వల్లనే. మనం కాగితం అంటున్నది వారి కాగజ్‌నే. ఆ మాటకొస్తే దుకాణం, సామాను, ఖాళీ, బాకీ, వసూలు అన్న మాటలు తీసివేస్తే ఆ కొట్టులో తెలుగువాడు నోరు మెదపలేడు. రద్దీ ఒక్కటే దారి తప్పినది. ఉర్దూలో అది పనికిరాని కాగితం. తెలుగులో బస్సులోని జనసమ్మర్దం.

ఇక మా పెట్టె సంగతి. దాదా వాడుకొన్న రేకు పెట్టె అది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చిన నాడు మా క్రింది ఇల్లంతా నీళ్ళపాలయినది. నీరు తీసిన తరువాత పుస్తకాలని పేరైనా పెట్టలేని బురదముద్దలను వీధిలో గుట్టలు పోశాము. పెట్టె మిద్దె మీద ఉన్నది కనుక మిగిలినది. దానిలో సుమారు పాతిక కిలోల కాగితాలు ఉన్నవి. వాటిలో అధికభాగం ఉర్దూ.

ఇక్కడ మా ఇంటి స్థితి కొంత చెప్పవలసి ఉన్నది. మేము ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. బడిలో చదివినది తెలుగు. మా అబ్బా కాలం నుండి అంతే. ఖురాన్ పారాయణం చిన్ననాడే నేర్చుకున్నాము కనుక అరబీ అక్షరాలు తెలుసు. అయితే ఖురాన్‌లో ప్రతి అక్షరానికి జేర్, జబర్ గుర్తులు ఉండి పలకవలసిన తీరును చూపుతవి. చేతివ్రాత ఉర్దూలో ఆ గుర్తులు ఉండవు. అక్షరాలు ఒకదానిపై ఒకటి వాలి సాగిపోతవి. అందువల్ల దైవవాక్కును తడబడకుండా చదివే మేము, దాదా వ్రాసిన చాకలిపద్దును చదవలేము. ఈ సంచిక చదివే విద్యార్థులలో ఈ స్థితి తెలియని ఇళ్ళవారు కొద్దిమందే ఉంటారని మా నమ్మకం.

చదవలేనివారికి ఏరడం ఎలా? దాదీమా ఒకటే సూత్రం చెబుతారు: ఆ అక్షరాలున్న కాగితం ఏదీ కొట్టుకు పోరాదు. బజారు నుండి వచ్చిన పొట్లాన్ని కూడా ఆమె విప్పి చూచి, ఉర్దూ కనిపిస్తే కళ్ళకద్దుకొని పైన పెడతారు. కాలికి కాగితం తగిలితే కళ్ళకద్దుకొనే తెలుగింటి అలవాటు ఇటువంటిదే కనుక ఇరుగుపొరుగు ఎవరూ దీనిని వింతగా చూడలేదు. అల్లా పేరు ఉన్న కాగితాన్ని తొక్కరానిచోట పాతిపెట్టాలనీ, లేదా పారే నీటిలో విడవాలనీ పెద్దలు చెప్పినారు. హజ్రత్ ఉస్మాన్ కాలంలో ప్రామాణిక ప్రతులు సిద్ధమైన తరువాత తక్కిన వాటిని కాల్చివేయించినట్లు హదీసు ఉన్నది. యెమెన్‌లో సనా నగరపు పెద్దమసీదును 1972లో మరమ్మతు చేస్తుండగా, పైకప్పు లోపల ఏనాడో భద్రపరచిన శిథిల ఖురాన్ పత్రాలు గుట్టలుగా బయటపడినవి. వాటిలో ఒక ప్రతి తోలుపత్రాలపై పాత వ్రాతను చెరిపి, దాని మీద మళ్ళీ వ్రాసినట్టిది. అడుగు వ్రాతను పండితులు నేటికీ చదువుతున్నారు. పూర్వులు పారవేయక దాచినందువల్లనే ఆ చదువు సాధ్యమైనది.

అయినా పాతిక కిలోలనూ పవిత్రమని పాతిపెట్టడానికి మాకు మనసొప్పలేదు. పవిత్రమైనది అందులో ఏదో తెలియాలంటే ఎవరో ఒకరు చదివి తీరాలి. కళాశాల ఉర్దూ విభాగం విద్యార్థిని ఒకరు ఆదివారాలు వచ్చి చదవడానికి ఒప్పుకున్నది. మొదటి రోజున ఆ అమ్మాయి చదివినవి ఇవి: తలనూనె ప్రకటన, సినిమా కరపత్రం, పెళ్ళిపిలుపులు నాలుగు, షేర్వానీ కొలతలు. తన సూత్రం ఇన్నేళ్ళు కాపాడినది తలనూనె ప్రకటననని తెలిసి దాదీమా చాలాసేపు నవ్వినారు. మరునాడు మాత్రం పెళ్ళిపిలుపులను వెనుకకు అడిగి తీసుకున్నారు. వాటి నెత్తిన బిస్మిల్లా ఉన్నది.

మూడవ ఆదివారం చీటీ ఒకటి వచ్చినది. కొలతల కాగితం వెనుకవైపు పైన ఉర్దూలో ‘తేల్ కీ దుకాన్, సేఠ్ సాబ్, మూడు వందలు’ అనీ, 1974 అనీ ఉన్నది. దాని క్రింద వరుసగా 50, 25, 40, 70. ప్రతి అంకె పక్కన తెలుగులో ‘ముట్టినది’ అని వ్రాసి పొడి సంతకం. అది మేము చదివినాము. ఉర్దూ ఆ అమ్మాయి చదివినది. కుట్టుమిషను కొనుటకు నూనె అంగడి శెట్టిగారు చేబదులు ఇచ్చిన మాట దాదీమాకు జ్ఞాపకం వచ్చినది. అన్నీ కూడితే 185. చివరి వరుసలో 115 అన్న అంకె, దాని ప్రక్క ఒక ఉర్దూ మాట. అక్కడ ‘ముట్టినది’ లేదు, సంతకం లేదు.

ఆ ఒక్క మాట దగ్గర అందరం ఆగిపోయినాము. ఆ అమ్మాయి ‘దియా’ అన్నది, అనగా ఇచ్చినాను. ఉర్దూ విభాగపు పెద్దవారు ఒకరు చూచి ‘దేనా’ అన్నారు, అనగా ఇవ్వవలసినది. ఈ రెండు మాటలకు వ్రాతలో భేదం ఒక చిన్న పన్ను, ఒక చుక్క. దాదా తొందరలో చుక్కలు పెట్టలేదు. పన్ను ఒకటో రెండో భూతద్దానికి కూడా అందలేదు.

మా ధర్మంలో చనిపోయినవారి ఆస్తి నుండి అంత్యక్రియల ఖర్చు పోగా మొదట తీర్చవలసినది అప్పు. వారసుల వాటా ఆ తరువాతే. ఖురాన్‌లో అన్నిటికంటె దీర్ఘమైన వాక్యం, బఖరా అధ్యాయంలోని 282వది, అప్పును వ్రాసి ఉంచుకొనుటను గురించినదే. దాదా 2004లో పోయినారు. ఇరవై ఏళ్ళకు పైగా మేము ఈ మిద్దె క్రింద ఆయన బాకీతో కాపురం చేస్తున్నామా, లేదా? మసీదు ఇమాంసాబును అడిగితే, శెట్టిగారి వారసులను వెదకమన్నారు. అప్పుకు మతం లేదన్నారు.

నూనె అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. వెదకగా వెదకగా శెట్టిగారి కుమారులు హైదరాబాదులో ఉన్నట్లు తెలిసినది. ఫోనులో సంగతి విని ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “మా నాయన చిట్టా ఆవర్జాలన్నీ ఆ వరదలో పోయినవి సార్. ఎవరు బాకీ, ఎవరు కాదు అన్నది మాకేమీ తెలియదు. ఆ డబ్బు మాకు వద్దు” అన్నారు. దాదీమా ఫోను తీసుకున్నారు. “నూట పదిహేనంటే నూట పదిహేనే బాబూ. ఎక్కువ ఇస్తే వడ్డీ అంటారు, తక్కువ ఇస్తే బాకీ ఉంటుంది. నువ్వు తీసుకో, నాకు నిద్ర పడుతుంది” అన్నారు.

ఆయన తీసుకొనుటకు ఒప్పుకొని, ఒక్కటి అడిగినారు. తండ్రి చేతివ్రాత ఆయన దగ్గర ఒక్క ముక్క కూడా మిగలలేదట. వీలైతే ఆ చీటీ ఇవ్వగలరా అన్నారు. ఇంట్లో దీని మీద రెండు రోజులు వాదం జరిగినది. అది దాదా చేతివ్రాత కూడా కదా అని అబ్బా ఇష్టపడలేదు. మా దగ్గర దాదా వ్రాతలు పాతిక కిలోలు ఉన్నవి, వారికి ఇదొక్కటే అని దాదీమా తేల్చినారు. నకలు తీయించి మేము ఉంచుకొని, అసలు చీటీని, నూట పదిహేను రూపాయలను కవరులో పెట్టి, హైదరాబాదు పోతున్న బంధువుల చేతికి ఇచ్చి పంపినాము. చివరి మాట దియానో దేనానో వారిని కూడా అడిగి చూడమన్నాము.

షబేబరాత్ దాటిపోయినది. ఆ గదికి ఇంకా సున్నం పడలేదు. పెట్టెలో సగం పైగా మిగిలే ఉన్నది. ఆ అమ్మాయికి పరీక్షలు కనుక రెండు ఆదివారాలు చదువు ఆగినది. మసీదులో పాతిపెట్టుటకు వేరు చేసినవి ఒక చిన్న సంచెడు. చదివి వదిలినవి ఇప్పటికి పదకొండు కిలోలు తూగినవి. కొట్టువాడు వారం వారం వచ్చి, తక్కినవి ఎప్పుడు సార్ అని అడిగిపోతున్నాడు.