ఖాళీ మూట

నా పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ ఉన్నది. డిస్కు నిండిందన్న హెచ్చరిక కనబడగా, ఒక ఆదివారం మధ్యాహ్నం వాడని ప్యాకేజీలను ఏరివేద్దామని కూర్చున్నాను. ఎన్నడో సరదాకు తెచ్చుకున్న ఆటలు, తెరిచి చూడని ఎడిటర్లు ఒక్కొక్కటే పోయాయి. ఆ ఊపులో ‘ఫాంట్స్-తెలు’ అన్న పేరు కంటబడింది. కొద్ది కిలోబైట్ల ప్యాకేజీ. లోపల ఒక్క ఖతి కూడా లేదు. ఈ ఖాళీ మూట ఎందుకని దానినీ తీసివేశాను. పిదప ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ అన్నాను. అది పొడుగాటి జాబితా చూపి అనుమతి అడిగింది. చదవకుండానే ‘వై’ మీట నొక్కాను.

సాయంత్రం, నాన్నగారు చివరి రోజుల్లో చెబుతుండగా నేను టైపు చేసుకున్న మా ఊరి కబుర్ల ఫైలు తెరిచాను. అక్షరాల చోట డబ్బాలు. నాలుగు పుటలూ డబ్బాలే. గుండె జారిపోయింది.

తేరుకున్నాక అర్థమయింది, ఫైలుకు ఏమీ కాలేదని. యూనికోడ్‌లో ‘అ’ అంటే 3077 అనే సంఖ్య. ఫైలు దాచేది ఆ సంఖ్యనే; రూపమిచ్చేది ఖతి. పోయినవి ఖతులు.

ఏ ప్యాకేజీ మనం కోరి తెచ్చుకున్నదో, ఏది మరొకదాని వెంట వచ్చిందో ఆప్ట్ గుర్తుపెట్టుకుంటుంది. వెంట వచ్చినదానిని కోరేవారు లేకపోతే అది అనాథ. ఆటోరిమూవ్ పట్టుకుపోయేది అటువంటివాటినే. నేను పారవేసిన ఖాళీ మూట పనల్లా ఖతులను పట్టి ఉంచడమే. మా నాయనమ్మ చివరి పదేళ్ళూ వీధి అరుగు మీద కూర్చోవడం తప్ప పనేమీ చేయలేదు. పండుగకు చుట్టాలంతా ఎవరి కోసం వస్తున్నారో ఆవిడ పోయాకగాని మాకు తెలియలేదు.

తీసివేసినవన్నీ ఆప్ట్ తన ‘హిస్టరీ.లాగ్’లో తేదీతో సహా రాసిపెడుతుంది. దాన్ని చూసి ఖతులను తిరిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఊడ్చేముందు ‘ఆప్ట్-గెట్ -ఎస్ ఆటోరిమూవ్’ అంటున్నాను. అది ఏదీ తీయకుండా, పోబోయేవాటిని మాత్రమే చూపుతుంది. ఆ జాబితాను పేరుపేరునా చదువుతాను. ఉండవలసినది కనబడితే ‘ఆప్ట్-మార్క్ మాన్యువల్’ అని దాని పేరు చేర్చుతాను. నేను కోరి తెచ్చుకున్నవాటిలో అదీ ఒకటవుతుంది. ‘పర్జ్’ జోలికి తొందరపడి పోను. ‘రిమూవ్’ వ్యవస్థలోని అమరికల ఫైళ్ళను మిగుల్చుతుంది, పర్జ్ వాటినీ తుడిచివేస్తుంది.

ఆ రాత్రి ఫైలు మళ్ళీ తెరిచాను. “రాసుకోరా అబ్బాయ్” అన్న మొదటి వాక్యం తెర మీద కనబడింది. ఆ పూటకు శుభ్రం చేయడం చాలించాను.