సికందర్ బాగ్‌లో అస్థికలు

లక్నో నగరంలో జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థ ఆవరణను ఆనుకొని ఒక పాత ముఖద్వారం నిలిచి ఉంది. దానిపై అవధ్ రాజ్యచిహ్నమైన జంట చేపలు నేటికీ కనిపిస్తాయి. నవాబు వాజిద్ అలీ షా ముచ్చటపడి నిర్మించుకొన్న సికందర్ బాగ్ అనే విలాసోద్యానంలో మిగిలినది కొద్దిపాటి కట్టడాలే.

1857 నవంబరు 16న, రెసిడెన్సీలో చిక్కుకొన్న ఆంగ్లేయులను విడిపించబోతూ కోలిన్ కాంప్‌బెల్ సేన ఈ తోటపై విరుచుకుపడింది. లోపల మోహరించిన సిపాయిలు సుమారు 2,000 మంది హతులయ్యారు. ఆంగ్లేయులు తమవారిని కందకంలో పూడ్చిపెట్టారు. సిపాయిల కళేబరాలను అలాగే వదిలివేశారు.

నెలలు గడిచాక, 1858లో, ఫెలీచే బియాతో అనే ఛాయాగ్రాహకుడు అక్కడికి వచ్చాడు. క్రిమియా యుద్ధరంగాన్ని చిత్రించి వచ్చినవాడు. అతడు తీసిన చిత్రంలో వెనుక గుండు దెబ్బలు తిన్న స్తంభాల భవనం. ముందు నేలంతా పుర్రెలు, ఎముకలు. నడుమ కొందరు భారతీయులు, ఒక గుర్రం. ఆనాటి కెమేరా కదలికను పట్టలేదు. అందుచేత బ్రతికి ఉన్నవారు కూడ శిలల వలె నిలవవలసి వచ్చింది. వారెవరో, ఆ అస్థుల నడుమకు ఎవరు రమ్మన్నారో చిత్రం చెప్పదు.

చూడగానే ఇది యుద్ధం ముగిసిన మరునాటి దృశ్యమనిపిస్తుంది. కాని అప్పట్లో లక్నోలో అధికారిగా ఉన్న జార్జి కాంప్‌బెల్ (సేనానితో ఇంటిపేరు మాత్రమే కలిసినవాడు) 1893లో వెలువడిన తన స్మృతులలో వేరే సంగతి చెప్పాడు. అస్థికలను అప్పటికే మట్టితో కప్పివేశారనీ, ఛాయాగ్రాహకుడు పట్టుబట్టి వాటిని మరల బయట పెట్టించాడనీ దాని సారాంశం. అంటే కెమేరా కోసం ఆ మృతులు రెండవసారి నేలపైకి వచ్చారు. దానిని యథార్థ చిత్రణ అనడం కష్టం. విజేత కోరిన సాక్ష్యమంటే సరిపోతుంది.

చిత్రం కింది శీర్షిక మరింత పరిశీలింపదగినది. చంపిన దళాలకు పేర్లున్నాయి: 93వ హైలాండర్లు, 4వ పంజాబు దళం. రెండవది భారతీయ సిపాయిల దళమే! చచ్చినవారికి మాత్రం ‘తిరుగుబాటుదారులు’ అన్న మాట, రెండు వేలన్న అంకె.

తోట వెలుపలి కూడలిలో నేడు తుపాకి ధరించిన ఊదాదేవి విగ్రహం ఉంది. ఆనాటి పోరులో రావిచెట్టెక్కి శత్రువులను కాల్చి నేలకొరిగిన వీరనారిగా పాసీ కులస్థులు ఆమెను చెప్పుకొంటారు. ఏటా నవంబరు 16న అక్కడ చేరి పూలమాలలు వేస్తారు.