ఎర్రపూస మీద తెల్లగీత

ఖాజాగూడ గుట్టలకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆదివారం పొద్దున్నే ఐటీ కుర్రాళ్లు సరదాగా ఎక్కేది ఆ రాళ్లే! కాస్త అవతల, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇనుపయుగపు సమాధులూ ఉన్నాయి.

ఆనాటివాళ్ల నగలెలా ఉండేవో తెలియాలంటే కొండాపూర్ వెళ్లాలి. పక్కనున్న కొండాపూర్ అనుకునేరు... ఇది సంగారెడ్డి జిల్లాలోది. 1940-41లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రకరకాల పూసలు బయటపడ్డాయి. కార్నీలియన్ అనే ఎర్రరాయి మీద తెల్లని గీతలున్న పూసలను చూస్తే ఉలితో చెక్కారనిపిస్తుంది. నిజానికి ఉలి తాకనే లేదు. సోడాను ఓ పొద రసంలో కలిపి, ఆ ముద్దతో పూస మీద ముగ్గు పెట్టినట్టు గీసి, ఆరాక నిప్పుల్లో కాల్చేవారు. అంతే, తెల్లదనం రాయిలోకి ఇంకిపోయేది. కడిగినా పోదు. సింధ్‌లోని సెహ్వాన్‌లో ఓ పనివాడికి ఈ విద్య 1930ల దాకా తెలుసు. అది చూసి రాసిపెట్టినవాడు మొహెంజొదారో తవ్విన ఎర్నెస్ట్ మెకే.

కొండాపూర్ పనివాడి నాటికే ఇది పాత విద్య. సుమారు 4,500 ఏళ్ల కిందటి ఇరాక్‌లోని ఊర్ సమాధుల్లోనూ ఇలాంటి పూసలే దొరికాయి.

పూసకు వయసు చెప్పేది అది దొరికిన మట్టిపొర. పునాది కోసం జేసీబీ ఒక్కసారి ఎత్తిపోస్తే పొరలన్నీ ఏకమవుతాయి. ఆ తర్వాత పూస దొరికినా, అది సంతలో కొన్నదో సమాధిలోదో ఎవరూ తేల్చలేరు. ఈ ఐటీ దారి పొడవునా రాళ్లు పగిలినంత వేగంగా తవ్వకాలు జరగలేదు.

కొండాపూర్ మ్యూజియానికి పిల్లలను తీసుకెళ్లేవారు శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు.