ముందు సోడియం, తర్వాతే సెలైన్

నేను కిడ్నీ డాక్టర్ని. మసాచుసెట్స్‌లో ఏడాది పొడుగునా డయాలిసిస్ యూనిట్లో, వార్డుల్లో నా పని. ఏప్రిల్ మూడో సోమవారం మాత్రం బోస్టన్ మారథాన్ ముగిసేచోట వేసే మెడికల్ టెంట్‌లో వాలంటీరుగా ఉంటాను. పరుగు పందెంలో కిడ్నీ డాక్టరుకేం పనని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు. అక్కడ నేను చూసేది ఒక్క అంకె. రక్తంలో సోడియం ఎంతుంది? లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉంటే మామూలు. 130 కిందికి వస్తే నేను కుర్చీలోంచి లేస్తాను. 120 దగ్గరికొస్తే టెంట్ మొత్తం లేస్తుంది.

మొదటి వరసలో వచ్చేవాళ్లతో నాకు పనుండదు. వాళ్లు రెండు గంటల పైచిలుకులో పరుగు ముగించేస్తారు, దారిలో ఎక్కువ నీళ్లు తాగే తీరికే ఉండదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు నాలుగు గంటలు దాటాక మొదలవుతారు. వీల్‌చైర్లో తల వాల్చేసి, డోకు వస్తోందంటూ, అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతూ వస్తారు. ముందు జ్వరం చూస్తాం, వడదెబ్బ అయితే క్షణం ఆగకూడదు కాబట్టి. ఆ తర్వాత నేను చూసేది చేతివేళ్లు. ఉంగరం వేలికి పట్టేసిందా? వాచీ పట్టీ కింద గాడి పడిందా? మూత్రానికి ఎప్పుడు వెళ్లారు? ఈ మూడూ తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే. మిగతా సగానికి అరచేతిలో పట్టే చిన్న మిషను ఉంది. కొన్ని చుక్కల రక్తం వేస్తే రెండు మూడు నిమిషాల్లో సోడియం చెప్పేస్తుంది. అది లేకపోతే మేం గుడ్డివాళ్లమే. ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినవాడూ, ఎక్కువైనవాడూ చూడటానికి ఒకేలా ఉంటారు. ఇద్దరికీ నీరసమే, ఇద్దరికీ తలనొప్పే, ఇద్దరికీ వాంతులే.

ఓ ఏడాది కరీంనగర్ కుర్రాడొకడు వచ్చాడు. నా కోటు మీద పేరు చూడగానే తెలుగులోకి దిగిపోయాడు. ‘‘సర్, ఒక సెలైన్ పెట్టేయండి సర్, సెట్ అయిపోతా.’’ మిషన్‌లో 127 వచ్చింది.

‘‘దారిలో ఏం తాగావు బాబూ?’’

‘‘ప్రతి మైలు దగ్గరా తాగిన సర్. దాహం లేకున్నా తాగిన. దాహమేసేదాకా ఆగితే లేటయిపోయినట్టేనని మా రన్నింగ్ గ్రూప్‌లో అందరూ చెప్పిన్రు.’’

సెలైన్ పెట్టలేదు, మంచినీళ్లూ ఇవ్వలేదు. నాలుగు సూప్ క్యూబులు అరగ్లాసు వేడినీళ్లలో కరిగించి ఇచ్చాం. సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉంటుందది. మొదటి గుటకకే మొహం ముడుచుకున్నాడు, అయినా తాగేశాడు. కాసేపటికి బాత్రూం ఎక్కడని అడిగాడు. మా టెంట్‌లో అంతకన్నా మంచి మాట లేదు. కిడ్నీ మళ్లీ నీళ్లు వదలడం మొదలుపెట్టిందన్నమాట.

ఆ కుర్రాడు అడిగిన సెలైనే పెట్టి ఉంటే? జవాబు 1981 నుంచే ఉంది. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య దాదాపు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ మారథాన్ జరుగుతుంది. ఆ ఏడు ఒకావిడ 70 కిలోమీటర్ల దగ్గర కట్టుకున్న భర్తనే గుర్తుపట్టలేకపోయింది. నీరసమనుకుని సెలైన్ ఎక్కించారు. ఆస్పత్రికి తీసుకెళ్తుండగా ఫిట్స్ వచ్చాయి. అక్కడ చూస్తే సోడియం 115. అదృష్టం కొద్దీ బతికింది. కేప్‌టౌన్ పరిశోధకుడు టిమ్ నోక్స్ ఇలాంటివే నాలుగు కేసులు కలిపి 1985లో అచ్చువేశాడు. దీనికి కారణం నీళ్లు ఎక్కువ తాగడమేనన్నాడు. చెమటలో ఉప్పు పోయింది కాబట్టే సోడియం పడిపోయిందని నమ్మినవాళ్లకి ఆ మాట రుచించలేదు. 1988 కామ్రేడ్స్‌లో పడిపోయిన ఎనిమిది మందిని ఆస్పత్రిలో ఉంచి, వాళ్ల ఒంట్లోకి వెళ్లిన నీళ్లూ బయటికొచ్చిన మూత్రమూ, ఉప్పూ కొలిచారు. ఉప్పు లోటు మామూలు రన్నర్లకన్నా ఎక్కువేం లేదు. ఒంట్లో ఉండాల్సినదానికన్నా నీళ్లే లీటర్ల లెక్కన ఎక్కువున్నాయి.

కిడ్నీ ఊరికే కూర్చోదు. విశ్రాంతిగా ఉన్న మనిషి గంటకు ముప్పావు లీటరు, లీటరు నీళ్లయినా మూత్రంగా వదిలేయగలడు. గంటల తరబడి పరుగెత్తేటప్పుడు నొప్పి, వికారం, ఒత్తిడి కలిసి మెదడులోంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ని విడుదల చేయిస్తాయి. నీళ్లు వదలొద్దని అది కిడ్నీకి చెప్తుంది. మామూలుగా నీళ్లు తాగగానే తగ్గిపోవాల్సిన హార్మోన్ ఇక్కడ తగ్గదు. తాగినవి తాగినట్టే లోపల ఉండిపోయి రక్తం పలచబడుతుంది, నీళ్లు మెదడు కణాల్లోకి వెళ్తాయి, పుర్రె సాగదు. పరుగుకి ముందు ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వేసుకుంటే ఆ హార్మోన్‌కి ఇంకా బలం. మామూలు సెలైన్ ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే ఉంది. కిడ్నీ అందులోని ఉప్పుని చిక్కటి మూత్రంలో వదిలేసి, నీళ్లని ఉంచేసుకుంటుంది.

ఇంత తెలిశాక కూడా 1996లో అమెరికా స్పోర్ట్స్ మెడిసిన్ కాలేజీ మార్గదర్శకాలు గంటకు 600 నుంచి 1200 మిల్లీలీటర్ల దాకా తాగమన్నాయి. నాలుగున్నర గంటల రన్నరు పై అంకె పట్టుకుంటే అయిదు లీటర్ల పైమాటే! న్యూజిలాండ్‌లో డేల్ స్పీడీ (పరుగు పందాల డాక్టరుకి తగ్గ ఇంటిపేరే) 1997లో ఈత, సైకిలు, పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ పందెం ముగింపు దగ్గర 330 మంది రక్తం చూస్తే 18 శాతం మందికి సోడియం తక్కువ. మరుసటి ఏడు నిర్వాహకులు నీళ్ల స్టాళ్లు తగ్గించి, తక్కువ తాగమని ముందే చెప్పారు. లక్షణాలతో వచ్చినవాళ్లు 25 నుంచి నలుగురికి పడిపోయారు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పరిశోధన ఇదే. కొత్త మందు లేదు, ఖర్చు తగ్గింది.

మా బోస్టన్ వంతు 2002లో వచ్చింది. ఆ ఏడు పందెంలో ఒక యువతి ఈ జబ్బుతోనే చనిపోయింది. అదే పందెంలో క్రిస్టఫర్ ఆల్మండ్ బృందం 488 మంది రక్తం తీసి, 2005లో ఫలితాలు ప్రచురించింది. 13 శాతం మందికి 135 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంది. ముగ్గురికి 120 కిందే. పరుగు మొదలుకన్నా చివర్లో బరువు పెరిగినవాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది. తాగింది మంచినీళ్లా, స్పోర్ట్స్ డ్రింకా అన్నదాంతో తేడా రాలేదు. వస్తుందనుకోవడం మన పొరపాటు. ఆ సీసాల్లో సోడియం లీటరుకు 20 దరిదాపుల్లో ఉంటుంది. ఓఆర్ఎస్‌లో 75. రక్తంలో 140. మోతాదు మించితే అన్నీ రక్తాన్ని పలచబరిచేవే.

నా వృత్తికి సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. వార్డులో సోడియం తగ్గిన రోగిని మేం చాలా నెమ్మదిగా సరిచేస్తాం. బీపీకి మూత్రం ఎక్కువ పోయించే బిళ్లలు వాడే పెద్దవాళ్లలో అది రోజుల తరబడి మెల్లగా పడి ఉంటుంది. రోజుకు ఎనిమిది, పది మించి పెంచితే మెదడులో నరాల పూత చెడిపోయి మనిషి మంచాన పడొచ్చు. ‘తొందరపడకు’ అని మాకు నూరిపోసేది అందుకే. టెంట్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ సోడియం పడింది గంటల్లోనే. ఫిట్స్ వచ్చినవాడికి మూడు శాతం సెలైన్ 100 మిల్లీలీటర్లు వెంటనే ఎక్కించాలి, అవసరమైతే పది నిమిషాలకోసారి మొత్తం మూడు సార్లు. మామూలు సీసాలో ఉండేది 0.9 శాతమే. కొత్తగా వచ్చే కిడ్నీ డాక్టర్లకి చేయి ఆడదు. ఆలస్యం చేస్తేనే ప్రాణం పోతుందని నేను పక్కన నిలబడి చెప్తాను.

మన ఊళ్లలో నీరసమంటే సెలైనే. ఆర్ఎంపీ దగ్గర్నుంచి కార్పొరేట్ ఆస్పత్రి దాకా సీసా వేలాడితేనే వైద్యం చేసినట్టు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆగస్టులో, విశాఖలో, ఇంకా చిన్న ఊళ్లలోనూ పరుగులు పెడుతున్నారు. సంతోషమే. నీళ్లు మానేయమని నేను చెప్పను, మన ఉక్కపోతలో వడదెబ్బ కూడా అంతే నిజం. దాహమైతే తాగండి, కాకపోతే వద్దు. 2015లో కాలిఫోర్నియాలో కూర్చున్న నిపుణులూ ఇదే చెప్పారు. సాధనకి వెళ్లేముందూ వచ్చాకా బరువు చూసుకోండి. బరువు పెరిగితే ఎక్కువ తాగినట్టే.

నిర్వాహకులకీ డాక్టర్లకీ ఒక మనవి. మీ టెంట్‌లో సోడియం చూసే మిషనూ, మూడు శాతం సెలైనూ ఉంచండి. అవి లేనిచోట, మాట తడబడుతున్న రన్నరుకు జ్వరం లేదని తేలితే, డ్రిప్ పెట్టకుండా, నీళ్లు పట్టకుండా అంబులెన్స్ పిలవండి.