ఏ వైపు కిటికీ?

అలాస్కా ఓడలో గది తీసుకునేవాళ్లు ధర చూస్తారు, అంతస్తు చూస్తారు. నేను ముందు ఓడ వెళ్లే దిక్కు చూస్తాను.

వాంకూవర్‌లో ఎక్కి ఉత్తరాన సీవర్డ్‌లోనో విట్టియర్‌లోనో దిగిపోయే ప్రయాణమైతే కుడివైపు గదే కావాలి. ఇన్‌సైడ్ ప్యాసేజ్ దీవుల మధ్య దారి కాబట్టి అక్కడ రెండు వైపులా కొండలూ అడవులే. తేడా తెలిసేది గల్ఫ్ ఆఫ్ అలాస్కాలోకి వచ్చాక. ఎడమన ఉత్త పసిఫిక్. కుడిన, మబ్బు విడితే, 4,671 మీటర్ల ఫెయిర్‌వెదర్, ఇంకా పైకి వెళ్తే 5,489 మీటర్ల సెయింట్ ఎలియాస్. అంతెత్తు శిఖరాలు ఒడ్డుకు అంత దగ్గరగా లేచే చోట్లు లోకంలో చాలా అరుదు. సముద్రమట్టంలో కూర్చుని అలాంటి పర్వతాన్ని చూడగలగడం ఎంత భాగ్యం! దక్షిణానికి వచ్చే ఓడలో ఇదంతా ఎడమవైపుకి మారుతుంది.

సియాటెల్‌లో ఎక్కి అక్కడే దిగే మన తెలుగు కుటుంబాలకు ఈ బెంగ తక్కువే. పోయేటప్పుడు చూడనిది చాలావరకు వచ్చేటప్పుడు దొరుకుతుంది.

గ్లేసియర్ బేలో మార్జరీ హిమానీనదం ముందు ఓడ మెల్లగా తిరుగుతుంది, అన్ని గదులకూ దర్శనమే. అయినా అప్పుడు గదిలో ఉండకండి, పై డెక్‌కి వెళ్లండి. మంచు విరిగి పడే చప్పుడు ఆరుబయటే వినాలి.

జూన్‌లో జూనో దగ్గర రాత్రి పదిదాకా సూర్యుడు అస్తమించడు. గదిలో కిటికీ విలువ ఆ వేళల్లోనే. డబ్బు కట్టేముందు ఓడ పటంలో ఒక్కటి చూసుకోండి, మీ కిటికీకి లైఫ్‌బోటు అడ్డంగా వేలాడుతోందేమో.