దాపటెద్దు

ముందు తాబేలు. మట్టిబొమ్మలు నేర్చుకోవటానికి వచ్చిన వాళ్ళెవరికైనా మా మాస్టారు మొట్టమొదట అప్పగించే జంతువు అదే. కాళ్ళు విరగవు, మెడ వాలదు, వీపు ఎలా చేసినా వీపులాగే ఉంటుంది. "తాబేలును చెడగొట్టటం కష్టమమ్మా" అన్నారాయన. నేను చెడగొట్టాను. వారం తిరిగి వచ్చేసరికి డొప్ప నడిమికి నిలువునా చీలి, తల ఊడి పక్కన పడి ఉంది.

నాకు నలభై ఏడేళ్ళు. నా సహాధ్యాయులు ఏడుగురిలోకీ పెద్దవాడికి పదమూడు. నిజం చెప్పాలంటే ఈ తరగతిలో చేర్పించింది మా అమ్మాయిని. రెండు ఆదివారాలు వెళ్ళి, చేతులకు మట్టి అంటుకుంటోందని మానేసింది (మట్టిబొమ్మల తరగతిలో ఇంకేం అంటుకుంటుందని ఆశించిందో!). మూడు నెలల ఫీజు ముందే కట్టి ఉన్నాను. కట్టిన డబ్బు వృథా పోకూడదన్న మధ్యతరగతి బుద్ధి తప్ప, కళాతృష్ణ వంటిదేదీ నన్ను హైదరాబాదులో ఆ డాబా మీది రేకుల షెడ్డుకు నడిపించలేదని మనవి.

మొదటి నెల అంతా మట్టి పిసకటంతోనే గడిచింది. నేను చపాతీల పిండి కలిపినట్టు మడిచి, లాగి, మళ్ళీ మడిచాను. మాస్టారు సన్నని తీగతో ముద్దను రెండుగా కోసి లోపలి భాగం చూపించారు. నిండా గాలిబుడగలు. మట్టిని లోపలికి మడవకుండా ముందుకు నొక్కుతూ, గాలిని బయటకు తరుముతూ పిసకాలట. అతుకు పెట్టవలసిన చోట రెండు వైపులా గీతలు గీసి, పలచని మట్టిజావ పూసి, అప్పుడు అదమాలి. నా తాబేలు తల ఊడిపోయిందంటే ఆ గీతలు లేకనే. డొప్ప చీలటానికి కారణం వేరు. బొమ్మ పైన తొందరగా ఆరిపోయి లోపల పచ్చిగా ఉంటే, ఆరిన పొర కుంచించుకుంటుంది, లోపలిది కుంచించుకోదు. అందుకని తడిగుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి, రోజూ కాస్త కాస్త తెరుస్తూ నిదానంగా ఆరబెట్టాలి. పనిలో సగం ఎదురుచూడటమేనని అప్పటికి అర్థమైంది.

తరువాత పిల్లి. అది పడుకున్న పిల్లి కనుక గట్టెక్కింది. ఆ పైన ఏనుగు.

ఏనుగు నిలబడదు. నాలుగు కాళ్ళూ లావుగా చేస్తాం కదా, ఎందుకు నిలబడదనుకున్నాను. పచ్చిమట్టికి తన బరువే తనకు ఎక్కువ. పదినిమిషాల్లో నా ఏనుగు, ఎండాకాలపు మధ్యాహ్నం సోఫాలో జారిన మనిషిలాగా కాళ్ళు చాపుకుంటూ కిందికి దిగిపోయింది. పక్కన రాక్షసబల్లి చేస్తున్న కుర్రవాడు ఎంతో మర్యాదగా, "ఆంటీ, మీది నీటిగుర్రమా?" అని అడిగాడు.

లోపల ఇనపతీగ పెడితే నిలబడదా అన్నాను. కాల్చకుండా ఉంచే బొమ్మకైతే పెట్టవచ్చునట. కాల్చే బొమ్మకు కుదరదు. మట్టి ఆరి, కాలేసరికి పదో వంతు దాకా చిన్నదవుతుంది. తీగ చిన్నది కాదు. రెండింటికీ పొసగక మట్టి చిట్లుతుంది. అందుకని పొట్టకింద మట్టిదిమ్మ ఒకటి ఊతంగా పెట్టి, కాళ్ళు గట్టిపడ్డాక దాన్ని తీసేస్తారు. ఆ మాట విన్న నాటి నుంచి లేపాక్షి నంది నాకు మరోలా కనబడుతోంది. ఇరవై అడుగులకు పైగా పొడవున్న ఆ ఏకశిలా వృషభం హాయిగా కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంటుంది కదా. నందిని కూర్చోబెట్టటానికి శాస్త్రం చెప్పే కారణాలు వేరే ఉంటాయి. నాకు మాత్రం అందులో శిల్పి ముందుజాగ్రత్తే కనిపిస్తుంది.

మూడు నెలలూ అయిపోయాయి. మళ్ళీ ఫీజు కట్టాను. ఈసారి నా పేరు మీద.

"ఇక మీ ఇష్టం, ఏది కావాలంటే అది చెయ్యండి" అన్నారు మాస్టారు. ఎద్దు అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు. ఒంగోలుకు పడమరగా ఉన్న మా ఊళ్ళో, నేను ఇంటర్ పూర్తిచేసే దాకా మా కొట్టంలో ఒక ఎద్దుల జత ఉండేది. బడి నుంచి రాగానే వాటికి చొప్ప వేసేదాన్ని, కుడితి పెట్టేదాన్ని. కళ్ళు మూసుకుని చేసెయ్యగలననుకున్నాను.

చెయ్యలేకపోయాను. చెవులు కొమ్ములకు ముందుంటాయా, కిందుంటాయా? గంగడోలు గడ్డం దగ్గర మొదలవుతుందా, మెడ దగ్గరా? అన్నేళ్ళు మేత వేశాను గాని, ఒక్కనాడూ చూడలేదని తేలింది. వెనకకాళ్ళు మరీ అన్యాయం. మధ్యలో వెనక్కి వంగిన చోటును మోకాలనుకుని చేస్తే, బొమ్మ ఎద్దులా కాక, ఎద్దు తొడుగు వేసుకున్న మనిషిలా వచ్చింది. మాస్టారు నన్ను మునివేళ్ళ మీద నిలబడమన్నారు. నిలబడ్డాను. "మీ మడమ ఎక్కడుంది?" అన్నారు. గాలిలో ఉంది. పశువు వెనకకాలిలో మనం మోకాలనుకునేది నిజానికి మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన, చర్మం మాటున ఉంటుంది. రెండు చీలికల గిట్ట అంటే రెండు వేళ్ళ గోళ్ళు. అంత భారీ జంతువూ బతుకంతా మునివేళ్ళ మీదనే నిలబడి బరువు లాగుతుంది.

మొదటి ఎద్దు కాళ్ళు విరిగింది. రెండవది బట్టీలో పేలింది. కడుపు తొలిచాను గాని ఆవిరి పోవటానికి కన్నం పెట్టటం మరిచాను, పైగా తడి పూర్తిగా ఆరకముందే కాల్చమని తొందరపెట్టాను. పక్కనున్న కుర్రవాడి రాక్షసబల్లికి కూడా తోక ఎగిరిపోయింది. వాడు నాతో రెండు వారాలు మాట్లాడలేదు. న్యాయమే. మాస్టారు ఓదార్పుగా ఒక పుస్తకంలో హరప్పా తవ్వకాల్లో దొరికిన మట్టి ఎద్దుల ఫొటోలు చూపించారు. వాటిలో కొన్నిటి కాళ్ళు పొట్టిగా, మొద్దుగా ఉన్నాయి. నాలుగువేల ఏళ్ళ కిందట కూడా ఎవరో కాళ్ళతో అవస్థపడ్డారని తలుచుకుంటే కొంత ధైర్యం వచ్చింది.

మూడవదానికి పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న ఒంగోలు గిత్తల ఫొటోలు ముందు పెట్టుకున్నాను. ఎత్తయిన మూపురం, పొట్టి కొమ్ములు, మడతలు పడిన గంగడోలు. 900 డిగ్రీల దాకా కాలి, చెక్కుచెదరకుండా ఎర్రగా బయటికి వచ్చింది. మాస్టారు మెచ్చుకున్నారు. రాక్షసబల్లి కుర్రవాడు సైతం "బాగుందాంటీ" అన్నాడు. పాత చీరలో చుట్టి, 2025 సంక్రాంతికి ఊరికి తీసుకువెళ్ళాను.

కనుమ నాడు పొద్దున్నే నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నీటికాసుల వల్ల ఆయనకు చూపు పూర్తిగా పోయి అప్పటికి నాలుగేళ్ళు. పశువుల పండుగ పూట మా కొట్టంలో తమ్ముడి మోటారు సైకిలు ఉంది. బొమ్మను నాన్న చేతిలో పెట్టి, "చూడు నాన్నా" అని, నాలిక కరుచుకున్నాను.

ఆయన చూశాడు. ముందు కొమ్ములు, తరువాత నుదురు, ముట్టె, అక్కడి నుంచి గంగడోలు మీదుగా ఛాతీ, కాళ్ళు. వెనకకాలి మడమ దగ్గర వేళ్ళు కాసేపు ఆగి, ముందుకు కదిలాయి. నాకు పరీక్ష పాసయినట్టుగా అనిపించింది.

"ఆబోతు గదా" అన్నాడు.

"ఎద్దు నాన్నా. మన ఎద్దు."

"మూపురం ఇంత ఉంటే ఎద్దెట్టా అయిద్దమ్మాయ్? కొట్టించినాక అంత పెరగదు." బొటనవేలితో మెడ మీద రాస్తూ, "మెడ నున్నగా ఉంది. దీని చేత ఎవరూ పని చేయించలా" అన్నాడు. నా వేలు పట్టుకుని, మూపురానికి ముందు, కాడి ఆనే చోట ఆనించాడు. "ఇక్కడ కాయ కాస్తది. వెంట్రుక ఊడి, తోలు మందమై, చెప్పు అట్టలాగా అయిద్ది." ఆ తరువాత అడిగాడు: "ఇంతకీ ఇది దాపటిదా, ఎలపటిదా?"

మీలో పల్లె ఎరుగని వారుంటే చెబుతాను. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు, నాన్న నోట ఎలపటిది. అలవాటైన పక్క మార్చి కడితే సరిగా నడవవు. ఈ సంగతి నాకు తెలుసు. నేను చేసింది ఏ పక్కదో మాత్రం తెలియదు. ఆ మాటే చెప్పాను.

నాన్న బొమ్మను ఒళ్ళో పెట్టుకున్నాడు. 1995లో, నేను డిగ్రీలో చేరి హాస్టలుకు వెళ్ళిన కొత్తలో, "ఊళ్ళోకి ట్రాక్టరు వచ్చింది, ఇక ఎద్దులెందుకని అమ్మేశాను" అని ఉత్తరం రాశాడు. ముప్ఫై ఏళ్ళూ అదే కారణమని నమ్మాను. ట్రాక్టరు వచ్చిన మాట నిజమే, మరుసటి ఏడు వచ్చిందట.

"రెంటినీ అమ్మలా ముందు. నీ హాస్టలుకు ఎంత తగ్గిందో అంతకు దాపటిదాన్నే అమ్మా. ఎవురిదన్నా జతకు తెచ్చి సేద్యం చేసుకుందామనుకున్నా. పక్కన ఇంకోదాన్ని కడితే ఎలపటిది కాడి కిందికి మెడ పెట్టలా. రెండు నెలలు చూశా. ఇంక అదీ ఇచ్చేశా."

ఫిర్యాదులాగా చెప్పలేదు. ఎరువుల ధర చెప్పినట్టు చెప్పాడు. తరువాత, దాపటిదానికి కుడికొమ్ము కొస విరిగి ఉండేదనీ, నిలబడినప్పుడు ఎడమ వెనకకాలు ఎప్పుడూ కాస్త ముందుకు వేసేదనీ, ఎలపటిది మెడ దించి నడిచేదనీ, ఒకదాని వెంట ఒకటిగా ఎన్నో చెప్పాడు. తమ్ముడి కొడుకు లెక్కల నోటుబుక్కు తీసుకుని అన్నీ రాసుకున్నాను. బొమ్మను వెనక్కి అడిగితే, "ఉండనీ, ఆబోతయితే ఏం" అని అరుగు గూట్లో పెట్టించుకున్నాడు.

కాలిన మట్టిని ఇక మార్చలేం. హైదరాబాదుకు రాగానే కొత్త ముద్ద తీసుకున్నాను. మూపురం తగ్గించాను. మెడ మీది కాయకు మామూలు పనిముట్టేదీ కుదరలేదు. చివరికి పాత తోలుచెప్పు ముక్కతో అద్దితే ఆ గరుకుదనం వచ్చింది. కుడికొమ్ము కొసను, ముందు పూర్తిగా చేసి, ఆ తరువాతే తుంచాను. మొదటే పొట్టిగా చేసిన కొమ్ముకూ విరిగిన కొమ్ముకూ తేడా నాన్న వేలికి తెలిసిపోతుంది.

నిన్న ఫోను చేసి "ఆరిందా?" అని అడిగాడు. ఇంకో పది రోజులు పడుతుందన్నాను. తొందరపడవద్దన్నాడు. దాపటిది షెడ్డులో మూలన, తడిగుడ్డ కింద ఉంది. ఎలపటిదానికి ఇవాళ మట్టి నానబెట్టాను.