కరగిన కండ

మా నాయనగారికి క్లోమంలో రాచపుండు పుట్టిన యేడు ఇంట్లో అందరికంటె ఎక్కువ నింద మోసినది మా అమ్మ. పాలు, గుడ్లు, పప్పుకట్టు ఎన్ని పెట్టినా ఆయన భుజాలు నానాటికీ కృశించిపోయేవి. “సరిగా తినిపించడం లేదేమో” అని చూడవచ్చిన బంధువులు అనేవారు. ఆ మాట నేనూ ఒకనాడు అన్నాను.

ఉపవాస కాలంలో శరీరం క్రమంగా కొవ్వుమీద ఆధారపడి, కండను వీలైనంతవరకు కాపాడుకొంటుంది. ఈ వ్యాధిలో ఆ పొదుపు తప్పుతుంది. కణితినుంచీ, దానితో పోరాడే రక్షకకణాలనుంచీ వెలువడిన రసాయన సందేశాలు నెత్తురులో ప్రవహించి కండరకణాన్ని చేరుకొంటాయి. అక్కడ కొత్త మాంసకృత్తుల నిర్మాణం మందగిస్తుంది. ఉన్నవాటిమీద ‘యుబిక్విటిన్’ అనే చిన్న అణువుల ముద్ర పడుతుంది. ముద్రపడినదానిని ‘ప్రోటియసోమ్’ అనే కణయంత్రం ముక్కలు చేస్తుంది. ఆరోగ్యవంతునిలో పాతసరుకును తొలగించే ఏర్పాటే యిది. ఈ ముద్ర రహస్యాన్ని కనుగొన్న ముగ్గురికి 2004లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానం లభించినది. రోగిలో ఆ ఏర్పాటుకు కళ్లెం తప్పుతుంది. అందుచేతనే ఆహారం పెంచినంతమాత్రాన ఈ క్షయాన్ని పూర్తిగా మరలించలేమని 2011లో వివిధ దేశాల నిపుణులు దీని నిర్వచనంలోనే చేర్చినారు.

ఇదంతా నేను చదివి గ్రహించేసరికి నాయనగారు లేరు. అమ్మ దగ్గర కూర్చొని, “నీ చేతి అన్నంలో లోపమేమీ లేదమ్మా” అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “ఆనాడు ఆ మాట నువ్వూ అన్నావు కదరా” అన్నది.